పార్సిల్ మీది చీటీ

(నల్గొండలో డిగ్రీ కామర్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడినామె చౌటుప్పల్ దగ్గరి చేనేత కుటుంబానికి చెందినవారు, కొన్నేండ్లుగా ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముతున్నారు. రికార్డింగ్ విని, ఆమె మాట తీరు మార్చకుండా రాసినది.)

అందరికి నమస్తే. సార్లకు, మేడమ్‌లకు, ఎనక నిలవడ్డ తమ్ముళ్లకు గూడ.

మైకు జర దూరం పెడుత. రోజూ ఫోన్ ముంగట కూసొని లైవ్‌ల మొత్తుకునే మనిషిని, నా గొంతుకు మైకు అక్కర్లేదు.

మీ సార్ మొన్న ఫోన్ చేసి, "అమ్మా, ఆన్‌లైన్‌ల చీరలెట్ల అమ్ముతున్నరో మా పిల్లలకు చెప్పండి, రాజకీయాలు మాత్రం వద్దు" అన్నరు. సరేనన్న. రాత్రి కూసొని ఏమేం చెప్పాల్నో కాయితం మీద రాసుకున్న. దాంట్ల రాజకీయం తగిలిన కాడల్లా కొట్టేసుకుంట పోతే, ఆఖరికి టేపు, కత్తెర, ప్యాకింగ్ కవర్లు మిగిలినయి. పొద్దున సార్‌కు ఫోన్ చేసి, "సార్, గివి మూడే మిగిలినయి, గంటసేపు మాట్లాడాలంటె ఎట్ల?" అని అడిగిన. నవ్వి, "ఎవర్నీ పేరు పెట్టి తిట్టకుండ చెప్పమ్మా" అన్నరు. తిట్టను సార్. నా కస్టమర్లల్ల అన్ని పార్టీలోళ్లు ఉన్నరు.

ఇగో, ఈ పార్సిల్ చూడుండ్రి. పొద్దుగాల్నే కొరియర్ పిలగానికి ఇయ్యాల్సింది, మీకు చూపెడదామని ఆపిన. సాయంత్రం ఐదింటిలోపు ఇయ్యకపోతే నా రేటింగ్ పడుతది, గందుకని నడుమ నడుమ గడియారం చూస్తె ఏమనుకోకుండ్రి. దీంట్ల ఇక్కత్ చీర ఉన్నది. రంగు ఎక్కకుండ దారానికి ముడులేసి చిటికి కట్టింది మా మరిది, నేసింది మా ఆయన. ఫొటో తీసి, అమ్మి, మడత పెట్టింది నేను. ఎనకట అయితే నేను, మా అత్తమ్మ ఆసు పోసెటోళ్లం. మేకుల చుట్టు దారం తిప్పుడు. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ పోవాలె. ఆలేరు దిక్కు శారాజీపేటల చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక దానికి మిషన్ చేసిండు, 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. మా ఇంటికి ఆ మిషన్ వచ్చినంకనే నా కుడిచెయ్యి ఖాళీ అయ్యింది. ఖాళీ అయిన చెయ్యిలకు ఫోన్ వచ్చింది. నా ఆన్‌లైన్ దుకాణం గట్ల మొదలైంది, పెద్ద ప్లానేం లేదు.

ఇది మహారాష్ట్రల భివండి పోతది. కొన్నామె ఎవరో నాకు తెల్వదు గని, ఇంటిపేరు చూస్తె మనోళ్లే. నల్గొండ, పాలమూరు నుంచి మగ్గాలు ఇడిచిపెట్టి భివండి, షోలాపూర్, సూరత్ పోయిన పద్మశాలోళ్లు ఎంతమందో. తాత ఆడ పవర్‌లూమ్ మిల్లుల కూలికి పోయిండు, మనుమరాలు ఈడి చేతిమగ్గం చీర ఫోన్ల కొంటున్నది. తాత ఎందుకు పోయిండో అడిగితే అది రాజకీయమైతది, ఆ ముచ్చట ఇడిచిపెడదాం.

ఈ చీటీ చూడుండ్రి. జానెడు గూడ లేదు. థర్మల్ ప్రింటర్‌ల వస్తది, సిరా ఉండది, వేడి తాకితే నల్లగైతది. కింద బిల్లు భాగంల ఈ పొడుగు నంబర్ ఉన్నది గద, 15 అక్షరాలది, ఇది నా జీఎస్టీ నంబర్. మొదటి రెండంకెలు 36. అంటె తెలంగాణ. ఆంధ్రప్రదేశ్‌ది 37. మీరు 2014ల బడిపిల్లలు, మీకు అవి ఉత్త అంకెలే. 1969ల తెలంగాణ కోసం జెండా పట్టుకొని తిరిగిన మా నాయనకు చూపెడితే అద్దాలు పెట్టుకొని మల్లమల్ల చూసిండు.

నేను మొదటిసారి ఒక పెద్ద యాప్‌ల అమ్మకందారుగ పేరు నమోదు చేసుకున్నప్పుడు, పిన్‌కోడ్ కొట్టంగనే రాష్ట్రం అదే నింపుకుంది. ఆంధ్రప్రదేశ్ అని! నా జీఎస్టీ కాయితం మీద తెలంగాణ అని ఉన్నది. రెండు కలుస్తలేవని నా దరఖాస్తు వాపస్ పంపిండ్రు. మల్ల పెట్టిన, మల్ల వాపస్. పదకొండు దినాలు. రాష్ట్రమొచ్చి అప్పటికి నాలుగేండ్లు దాటింది. ఢిల్లీల పార్లమెంటు బిల్లు పాస్ చేసింది గని, ఎవరో ఒకాయన కంప్యూటర్ల పాత పట్టిక మార్చలే. ఆఖరికి కస్టమర్ కేర్‌ల ఒక పిల్ల, వరంగల్ పిల్లంట, "అక్కా నేను చూస్త" అని చేతితోటి సరిచేసింది. జిల్లాది ఇంకో కథ. 2016 అక్టోబర్ 11న జిల్లాలు ఇడగొట్టినంక మా ఊరు నల్గొండకెల్లి యాదాద్రి భువనగిరికి పోయింది. పిన్‌కోడ్ మాత్రం పాత 508 తోటే మొదలైతది. నాకు వాపస్ వచ్చే పార్సిళ్ల మీద ఇప్పటికీ నల్గొండ అనే రాస్తరు. నాకేం బాధ లేదు, మా పెండ్లి పత్రిక మీద గూడ నల్గొండనే.

సరే, పన్ను. కామర్స్ పిల్లలు గనుక మీకు ఇది కొత్తగాదు, కని పుస్తకంల చదువుడు వేరే, నెల నెలా కట్టుడు వేరే. ఊర్ల బట్టల దుకాణం పెట్టుకున్నాయనకు ఏడాది అమ్మకం ఒక హద్దు దాటేదాక జీఎస్టీ నంబర్ అక్కర్లేదు. 2019ల కేంద్రం సరుకు అమ్మెటోళ్లకు ఆ హద్దును 40 లక్షలకు పెంచింది, రాష్ట్రాల ఇష్టానికి ఇడిచింది. పక్కన ఆంధ్ర 40కి పోయింది. మన తెలంగాణ 20 లక్షల కాడ్నే ఆగింది. ఇది దుకాణపాయన సంగతి. మరి అదే చీర నేను యాప్‌ల పెడితే? మొదటి రూపాయి నుంచే నంబర్ కావాలె. ఏడాదికి రెండు లక్షలు అమ్మినా కావాలె. అమ్మకం లేని నెల గూడ "సున్నా" అని రిటర్న్ ఏసి చెప్పాలె, మరిచిపోతే దినానికి 20 రూపాయల ఫైన్. 2017 నుంచి 2023 దాక గట్లనే నడిచింది. 2023 అక్టోబర్ 1 నుంచి సొంత రాష్ట్రం లోపలనే అమ్ముకునే చిన్నోళ్లకు సడలించిన్రు. భివండికి పంపాలంటె మాత్రం నంబర్ ఉండాల్సిందే.

దీన్ని నేను ఎట్ల చూస్తనంటే, ఊర్ల దుకాణం పెట్టినాయనకు ఓటు బలం ఉన్నది, సంఘం ఉన్నది, ఎమ్మెల్యే దగ్గరికి యాభై మంది కలిసి పోతరు. ఇంట్ల మంచం మీద కూసొని ఫోన్ల చీరలు అమ్మే ఆడిమనిషికి ఏ సంఘం ఉన్నది? ఆమె ఒక్కతే. ఆమె వ్యాపారం చేస్తున్నదని పక్కింటోళ్లకే తెల్వదు. తెల్వనోళ్ల మీద రూలు పెట్టుడు సులువు.

ఈ రూలు పెట్టేది ఎవరు? జీఎస్టీ కౌన్సిల్. కేంద్ర ఆర్థిక మంత్రి కుర్చీల ఉంటరు, అన్ని రాష్ట్రాల మంత్రులు కూసుంటరు. ఓట్లల్ల మూడింట ఒక వంతు బరువు కేంద్రానిది, రెండు వంతులు రాష్ట్రాలయి. ఏదన్నా పాస్ కావాలంటె నాలుగింట మూడు వంతులు రావాలె. అంటె కేంద్రం ఒక్కటే చెయ్యలేదు, కేంద్రం కాదంటె రాష్ట్రాలన్నీ కలిసినా చెయ్యలేవు. గందుకే మీరు ఎవర్ని అడిగినా ఇంకొకరి దిక్కు చూపెడతరు. నేను అడిగి చూసిన.

చేనేత చీర మీద 5 శాతం పన్ను 2017 జులై 1న మొదలైంది. తర్వాత 2021 ఆఖరుల బట్టల మీద 12 శాతం చేస్తమని నోటిఫికేషన్ ఇచ్చిన్రు, 2022 జనవరి 1 నుంచి అమలు. నా లిస్టింగ్‌లు అప్పుడు నలభై దాక ఉన్నయి. డిసెంబర్ 30 రాత్రి మా బిడ్డ, నేను కూసొని ఒక్కొక్క చీర రేటు మార్చినం. నలభై చీరలు, నలభై సార్లు లోపలికి పోవుడు, మార్చుడు, సేవ్ కొట్టుడు. రెండు దాటింది పండుకునేసరికి. 31న కౌన్సిల్ కూసొని వాయిదా ఏసింది. అప్పుడు యూపీ, పంజాబ్‌తోటి కలిపి ఐదు రాష్ట్రాల ఎన్నికలు ముంగట ఉన్నయి, దానికి దీనికి సంబంధం ఉన్నదో లేదో మీ సార్‌ను అడుగుండ్రి, నేను మాట ఇచ్చిన. న్యూ ఇయర్ రాత్రి అందరు కేక్ కోస్తుంటె మేము నలభై రేట్లు వెనుకకు తిప్పినం. మూడు చీరలు తిప్పుడు మరిచిపోయినం. ఆ మూడు సంక్రాంతి దాక అమ్ముడు పోలే.

ఇంకో పది నెలలకు మునుగోడు ఉప ఎన్నిక వచ్చింది.

నారాయణపురం, చౌటుప్పల్, పుట్టపాక అంతా మునుగోడు నియోజకవర్గమే. 2022 నవంబర్ 3న పోలింగ్. అక్టోబర్ నెలంత మా గల్లీల కార్లు తిరగనీకె జాగ లేదు. చేనేత మీద జీఎస్టీ ఎత్తెయ్యాలని అప్పటి చేనేత శాఖ మంత్రి కేటీఆర్ గారు ప్రధానికి పోస్టుకార్డు రాసిన్రు, మాతోని గూడ రాయించిన్రు. ఎవరి మాట వాళ్లు చెప్పిన్రు, అది ఇప్పుడు వద్దు. నేను చెప్పేది మగ్గం సంగతి. ఆ నెలల మా ఇంటి గుంట మగ్గంల ఎంత మంది కూసున్నరో లెక్క లేదు. ఒకాయన, పెద్ద నాయకుడే, వచ్చి గుంటల కాళ్లు పెట్టి కూసున్నడు. తెల్లబట్టలు. పోగు దగ్గరికి కొట్టే పలక ఎటు పట్టాల్నో తెల్వక రెండు చేతులతోటి పట్టుకున్నడు. మా ఆయన, "సార్, ఒక్క చెయ్యి చాలు" అన్నడు. ఫొటోలు కొట్టిన్రు. ఐదు నిమిషాలకు లేచిపోయిండు, పోయేటప్పుడు గుంట అంచుకు తగిలి నాలుగు పోగులు తెగినయి. మా ఆయన ఆ నాలుగు పోగులు అతికే దాంక మాట్లాడలే.

సాయంత్రానికి ఆ ఫొటో ఆయన పేజీల పడ్డది. రాత్రికి నా ఫోన్‌కు మెసేజ్‌లు. "ఆ సార్ నేసిన చీర ఉన్నదా? ఎంత?" ముప్పై మంది అడిగిన్రు. ఇంక సగం గూడ నెయ్యలే ఆ చీర! ఇంకో పది మంది వేరే రకం మెసేజ్‌లు పెట్టిన్రు. "మీరు ఆ పార్టీ అని తెల్వక ఇన్ని దినాలు మీ దగ్గర కొన్నం" అని. ఒకామె అంతకుముందు వారమే కొన్న చీరను రిటర్న్ పెట్టింది. కారణం కాడ "రంగు నచ్చలే" అని ఉన్నది. యాప్‌ల "పార్టీ నచ్చలే" అనే ఆప్షన్ లేదు గద. (నవ్వులు)

రంగు అంటె యాదికొచ్చింది. ఆ నెలల నేను గులాబి రంగు చీర కట్టుకొని లైవ్ పెట్టిన. పాత చీర, మా అన్న పెట్టింది. కామెంట్లల్ల చీర రేటు అడుగుడు బందు పెట్టి నా చీర గురించి కొట్లాడుకుంటున్నరు. తెల్లారి నారింజ అంచు ఉన్నది కట్టిన, రెండో జట్టు మొదలుపెట్టింది. మూడు రంగులది అసలే కట్టరాదు. పచ్చది, నీలం, పసుపు, దేనికో దానికి ఒక పార్టీ ఉన్నది. తెల్లది కడితే మా మేనత్త ఫోన్ చేసి ఏమైందే అని ఏడుపు గొంతుతో అడిగింది. ఆఖరికి మా పుట్టపాక ఇక్కత్, తేలియా రుమాల్ దుపట్టా ఏసుకొని కూసున్న. అది ఎరుపు, నలుపు, తెలుపు. ఎరుపు ఉన్నది గద అంటరేమో అనుకున్న గని, ఎవరూ ఏం అనలే. నల్గొండల ఎరుపును చూసి ఎవరు ఉలిక్కిపడతరు, సాయుధ పోరాటం నుంచి చూస్తనే ఉన్నరు.

ఇప్పుడు అసలు కథ చెప్త, కోడ్ కథ. 2023 అక్టోబర్ 9న అసెంబ్లీ ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. నవంబర్ 30 పోలింగ్. దసరా, దీపావళి రెండూ దాంట్లనే పడ్డయి. చీరలోళ్లకు ఏడాదిల సగం బేరం ఆ రెండు పండుగలకే. ఎన్నికల కోడ్ వస్తె 50,000 మించి నగదు తీస్కపోయెటోళ్లు కాయితం చూపియ్యాలె. చీరలు, కుక్కర్లు, గడియారాలు ఎక్కువ కనపడితే ఓటర్లకు పంచనీకె అనుకుంటరు. అనుకోవుడు తప్పని నేననను. పంచినోళ్లు ఉన్నరు గనుకనే ఆ రూలు వచ్చింది.

దసరాకు వారం ముందు 22 పార్సిళ్లు బస్తల కట్టి, మా మరిది బండి మీద కొరియర్ హబ్‌కు తీస్కపోతున్నడు. ఆ దినం పికప్ పిలగాడు రాలే, ఆయన గూడ ఏడనో చెక్‌పోస్టుల ఇరికిండంట. హైవే మీద మావోన్ని ఆపిన్రు. బస్తా ఇప్పమన్నరు. మరిది ఫోన్ చేస్తె నేను ఆటోల ఉరికిన. పోయేసరికి 22 కవర్లు రోడ్డు పక్కన టేబుల్ మీద పరిచి ఉన్నయి. ఒక కానిస్టేబుల్ ఒక్కొక్క చీటీ చదువుతుండు. పేరు, ఇంటి నంబర్, గల్లీ, ఫోన్ నంబర్. అన్నీ ఆడోళ్ల పేర్లు. మనిషికి ఒక్క చీర. నా దిక్కు చూసి, "అమ్మా, ఇది ఓటర్ లిస్టు లెక్కనే ఉన్నది గద" అన్నడు.

నాకు నవ్వాలె, ఏడ్వాలె తెలుస్తలేదు. ఆయన మాట నిజమే! చూసేటోనికి అది అచ్చంగ ఓటుకు చీరనే. నేను ఒక్కొక్క చీటీ మీద పిన్‌కోడ్ చూపిచ్చిన. "సార్, ఇది 400, బొంబాయి. ఇది 421, భివండి. ఇది 560, బెంగళూరు. ఇది 682, కొచ్చి. వీళ్లెవ్వరికీ మన దగ్గర ఓటు లేదు సార్. వీళ్లకు చీర ఇచ్చి ఏం గెలుస్తరు?" ఆయన నవ్విండు. పక్కనున్న అధికారి నవ్వలే. 22ల మూడు 508 ఉన్నయి. నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట. ఆ మూడు పక్కకు పెట్టిన్రు. మిగిలిన 19 తీస్కపొమ్మన్నరు, మేము ఆ మూడింటి కోసం ఆగినం. బిల్లు చూపిస్తె గంట తర్వాత మూడు గూడ ఇచ్చిన్రు, కని అప్పటికి హబ్ మూతపడ్డది. యాప్‌కు కోడ్ తెల్వది, చెక్‌పోస్టు తెల్వది. 22 ఆర్డర్లు లేటు అని ఎర్రగ చూపెట్టింది, రేటింగ్ 4.6 నుంచి 4.1కి పడ్డది. పండుగ ముంగట రేటింగ్ పడితే మీ చీర పదో పేజీకి పోతది, ఆడికి ఎవ్వరూ రారు.

ఆ దినం నేర్చుకున్నది చెప్త, మీల ఎవరన్నా అమ్మకం పెడితే పనికొస్తది. కోడ్ టైంల ప్రతి కవర్ల బిల్లు ఒకటి లోపల, ఒకటి బయట. బస్తా మొత్తానికి ఒక జాబితా, ఆర్డర్ నంబర్లతోటి. సొంత బండి మీద పంపుడు కన్న పోస్టాఫీసుల బుక్ చేసుడు మేలు. ఒకేల పట్టుకుంటె, ప్రతి జిల్లాల ముగ్గురు అధికారుల కమిటీ ఉంటది, ఎన్నికల కేసు కాని సొమ్ము ఇడిపించనీకె. ఆ సంగతి పట్టుకున్న కాడ ఎవ్వరూ చెప్పరు, మీరే అడగాలె.

నారాయణపేటల నాకు ఒక చెల్లె ఉన్నది, సొంత చెల్లె కాదు, వాట్సాప్ గ్రూప్‌ల పరిచయం. ఆమె కష్టం ఇంకో తీరు. 2023 మేల కర్ణాటక ఎన్నికలు. నారాయణపేట, గద్వాల నుంచి అడుగు పెడితే రాయచూరు. వాళ్ల కోడ్‌కు వీళ్ల సరుకు ఆగింది. "అక్కా, ఓట్లు వాళ్లయి, ఆగింది మా చీరలు" అన్నది. ఆర్నెల్లకు మన కోడ్, మల్ల ఆర్నెల్లకు లోక్‌సభ కోడ్. ఏడాదిల మూడు.

ఇప్పుడు ఈ చీటీల చిన్న అక్షరాలు చూడుండ్రి, ఎనక వరుసకు కనపడది, నేను చదువుత. "కంట్రీ ఆఫ్ ఆరిజిన్: ఇండియా." ఈ లైను ఎప్పుడొచ్చిందో తెలుసా? సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌ల అమరుడైండు. మీ జిల్లాల చాలా మంది ఆ అంతిమయాత్ర చూసుంటరు. జూన్ 29న 59 చైనా యాప్‌లు నిషేధించిన్రు. టిక్‌టాక్ అందరికి యాదికుంటది. దాంట్ల సరుకు అమ్మే యాప్‌లు గూడ ఉన్నయి, షీన్, క్లబ్ ఫ్యాక్టరీ. జులైల ఈ-కామర్స్ రూల్స్ వచ్చినయి, వస్తువు ఏ దేశందో చూపాలన్న మాట అప్పుడే గట్టిపడ్డది. నా లైవ్‌ల ఒక పెద్దమనిషి అడిగిండు, "అమ్మా, మీ పట్టు చైనాదా?" అని. నేను ఒక్క నిమిషం ఏం చెప్పలే. మేము పట్టు దారం బెంగళూరు దిక్కు నుంచి తెప్పిస్తం. మన దేశం చైనా నుంచి ముడి పట్టు కొంటది, ఇది అందరికి తెలిసిందే. నా కండెల మీద ఉన్న పోగు ఏ పురుగు ఉమ్మిందో నాకేం తెలుసు? నేసింది మాత్రం మా గుంటల. రూలు ప్రకారం ఇండియా అని రాస్త, రాసింది అబద్ధం కాదు. కని ఆయనకు "చైనా దారం కాదు" అని మాత్రం ప్రమాణం చెయ్యలే. "సార్, కాటన్ చీర తీసుకోండి, మన పత్తి" అన్న. తీసుకున్నడు.

నా చీర పక్కన, అదే పేజీల, ఇంకో చీర ఉంటది. పేరు "పోచంపల్లి ఇక్కత్ శారీ", 399 రూపాయలు, డెలివరీ ఫ్రీ. నాది 6,500. పోచంపల్లి ఇక్కత్‌కు 2005ల జీఐ, అంటె ఆ ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చింది, పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020ల వచ్చింది. ఆ 399ది మిషన్ మీద అచ్చు కొట్టిన పాలిస్టర్. ఎట్ల గుర్తుపడతరు? ఇగో, నా కొంగు చూడుండ్రి. ఇటు చూడుండ్రి, ఇప్పుడు తిరగేస్త. అదే రంగు, అదే బొమ్మ. నేసేకన్న ముందే దారానికి రంగు ఎక్కింది గనుక ఎనక ముంగట ఒక్కటే. బొమ్మ అంచు జర చెదిరినట్టు ఉంటది, పోగు పోగు కలిసే కాడ. అచ్చుదానికి అంచు కత్తితో కోసినట్టుంటది, తిరగేస్తె వెలిసిపోయుంటది. ముందు ఆ 399 అమ్మెటోడు తన పేజీల తిరగేసిన ఫొటో పెట్టడు, నేను పెడుత. ఫొటోల ఎవరు తిరగేసి చూస్తరు చెప్పుండ్రి?

నేను యాప్‌కు ఫిర్యాదు పెట్టిన. "మేము మధ్యల వేదిక మాత్రమే, అమ్మింది వేరే వాళ్లు" అని జవాబు. ఐటీ చట్టం సెక్షన్ 79 ఆ మాట అననిస్తది. విదేశీ పెట్టుబడి ఉన్న యాప్ సొంత సరుకు పెట్టుకొని అమ్మరాదు, అమ్మకందారు వేరే ఉండాలె అన్నది గూడ సర్కారు నియమమే. 2018 డిసెంబర్ 26న దాన్ని ఇంకా బిగించిన్రు, 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు. అప్పుడు పార్లమెంటు ఎన్నికలు రెండు నెలల్ల ఉన్నయి, దేశమంత కిరాణ దుకాణాలోళ్లు పెద్ద యాప్‌ల మీద కోపంగ ఉన్నరు. ఆ నియమం కిరాణపాయన కోసం వచ్చింది. దాని పుణ్యాన యాప్‌లకు మా అసోంటి అమ్మకందారులు అక్కరకొచ్చిన్రు. ఊర్లకు మనుషులొచ్చి మీటింగులు పెట్టి, టీ తాగిపిచ్చి, "మేడం, మీరు మా భాగస్వామి" అన్నరు. నేను టీ తాగిన, నమ్మలే. కని నమోదు చేసుకున్న. అదే నియమం 399 అమ్మెటోనికి గూడ తలుపు తీసింది.

చేతిమగ్గం కోసం కొన్ని రకాలు ప్రత్యేకించి పెట్టిన చట్టం 1985ల వచ్చింది, చీర దాంట్ల ఉన్నది. జీఐ చట్టం 1999ది. చట్టాలు ఉన్నయి. కని జీఐ కింద మీరు పోరాడాలంటె, ఊరు పేరు ఉంటె చాలదు, నేసేటాయన తన పేరు మీద అధీకృత వినియోగదారుగ నమోదు చేసుకోవాలె. మా గల్లీల ఎంత మంది చేసుకున్నరంటె ఏళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఫారం నింపనీకె మీ అసోంటి పిల్లలు కావాలె. మునుగోడు టైంల పోస్టుకార్డులు రాయించనీకె అందరొచ్చిన్రు, ఈ ఫారం పట్టుకొని ఒక్కరూ రాలే. ఈ మాట అన్ని పార్టీలకు, సార్, తిట్టు కాదు.

జెండాల ముచ్చట ఒకటి, నా తప్పు గూడ చెప్పుకోవాలె గద. ఒకప్పుడు జాతీయ జెండా చేతితో వడికి చేతితో నేసిన బట్టదే ఉండాలె. 2021 డిసెంబర్ 30న నియమావళి మార్చి పాలిస్టర్, మిషన్ బట్టకు సై అన్నరు. 2022 ఆగస్టుల ఇంటింటా జెండా. పోస్టాఫీసు ఆన్‌లైన్‌ల 25 రూపాయలకు ఇంటికి తెచ్చిచ్చింది. మా మామయ్యకు మస్తు కోపమొచ్చింది, మగ్గం మీది హక్కు పోయిందని. ఆయన ముంగటి అర్రల తిడుతుంటె, నేను ఎనక అర్రల 300 పాలిస్టర్ జెండాలు ప్యాక్ చేస్తున్న. ఆ నెల కరెంటు బిల్లు దాంతోనే కట్టినం. ఆయనకు ఇప్పటికీ తెల్వదు, ఈ వీడియో ఆయనకు పంపకుండ్రి.

ఏమన్న అడుగుతరా? ... ఆ, ఎర్రంగి చెల్లె, అడుగు.

"మేడం, మీరు ఏ పార్టీ?"

అనుకున్న, ఎవరన్నా అడుగుతరని. మా ఇంట్ల ఐదు ఓట్లు, మూడు పార్టీలు. మా ఆయనకు, మరిదికి టీవీ ముంగట ఒక్కదినం పడది. ప్యాకింగ్ టైంల మాత్రం రాజకీయాలు బంద్. కోపంల టేపు అడ్డంగ అతికిస్తున్నరు, చీటీ మీది నంబర్ స్కాన్ కాక పార్సిల్ వాపస్ వస్తున్నది. ఓటు ఎవరికేస్తనో చెప్పను చెల్లె, చెప్తె సగం మంది కస్టమర్లు "రంగు నచ్చలే" అంటరు.

ఇంకొకరు... లేదు లేదు, ఫోన్ మోగుతున్నది, కొరియర్ పిలగాడే. హలో. ఆ తమ్మీ, కాలేజీ గేటు కాడ్నే ఉండు, తెస్తున్న. ఐదు నిమిషాలు, స్కాన్ కొట్టకు, తెస్తున్న! ... పోవాలె సార్, భివండిల పెండ్లి ఉన్నదట, ఆమె రెండుసార్లు మెసేజ్ పెట్టింది.

అయ్యో, శాలువా ఎందుకు సార్. సరే, మీ మర్యాద.

(శాలువా కప్పించుకున్న తర్వాత అంచు తిరగేసి చూస్తూ)

సార్, దీన్ని ఆన్‌లైన్‌ల తెప్పించిన్రా?